చీటీ రాసిచ్చే వైద్యం కాదు, చెయ్యి పట్టి చూసే వైద్యం కావాలి

1929లో కాఠియావాడ్‌లో ఒక దళిత బడిపంతులు భార్యకు పురుడు వచ్చిన రెండు రోజులకే జబ్బు చేసింది. డాక్టరు వచ్చాడు. రాలేదని ఎవరూ అనలేరు. కాకపోతే వాడలో అడుగు పెట్టనన్నాడు. బాలింతను, పసిబిడ్డను వాడ బయటికి తీసుకురమ్మన్నాడు. థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. అతను పంతులుకిచ్చాడు, పంతులు భార్యకు పెట్టాడు. అది మళ్లీ అదే దారిలో వెనక్కి వెళ్లింది. డాక్టరు దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అన్నాడు, వెళ్లిపోయాడు, మందు పంపించాడు. రెండు రూపాయల ఫీజు తీసుకున్నాడు. తర్వాత చూడ్డానికి రానన్నాడు. ఆమె చనిపోయింది. ఆ పంతులు 'యంగ్ ఇండియా' పత్రికకు రాసిన ఉత్తరాన్ని బాబాసాహెబ్ అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో భద్రపరిచారు.

ఆ రోజు జరిగినదాన్ని రిజిస్టర్‌లో రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. రోగిని చూశారు: అవును. జ్వరం కొలిచారు: అవును. జబ్బు గుర్తించారు: అవును. మందు ఇచ్చారు: అవును. అన్ని గళ్లలోనూ టిక్కులే. లేనిదల్లా రోగి ఒంటి మీద డాక్టరు చెయ్యి, మళ్లీ వచ్చి చూసే బాధ్యత. ఆ రెండూ లేకనే ఆ తల్లి పోయింది.

ఇవాళ మన పిల్లలు చదివే సర్కారు బడుల్లో 'ఆరోగ్య సేవలు' అంటూ జరుగుతున్నది కూడా ఈ టిక్కుల వైద్యమే. ఈ మాట కటువుగా ఉందనే వాళ్లు ముందు లెక్క చూడాలి.

2013 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లో దీన్నే జనం 'చిరాయు' అంటారు. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషకాల కొరత, ఎదుగుదలలో వెనుకబాటు అని నాలుగు తరగతులుగా సమస్యలను వెతకాలి. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా అందరికీ వర్తిస్తుంది. ఒక్కో సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒక్కసారి రావాలి. కాగితం మీద ఇది మంచి పథకమే. నేను దాన్ని తీసేయమనడం లేదు. అది ఎక్కడ ఆగిపోతోందో చూడమంటున్నాను.

200 మంది పిల్లలున్న బడికి బృందం వచ్చిందనుకోండి. ఆరు గంటల పాటు ఇద్దరు డాక్టర్లూ టీ కూడా తాగకుండా చూసినా ఒక్కో బిడ్డకు దక్కేది మూడున్నర నిమిషాలు. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు, చెవులు, చర్మం, గుండె చప్పుడు అన్నీ అందులోనే తేలాలి. ఏడాదిలో మిగిలిన రోజులన్నింటికీ ఆ మూడున్నర నిమిషాలే దిక్కు. ఏదైనా తేడా కనిపిస్తే ఒక చీటీ రాస్తారు: 'జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి'. అక్కడితో బడి పని అయిపోతుంది, బృందం పని అయిపోతుంది, లెక్కల్లో ఒక బిడ్డ 'రిఫర్' అయిపోతుంది. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆ చీటీ ఎవరి చేతిలో పడింది?

బిలాస్‌పూర్‌నే తీసుకుందాం. ఇది మారుమూల ఊరు కాదు. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోనుకు కేంద్రం. రాష్ట్ర హైకోర్టు ఇక్కడే ఉంది. సిమ్స్ అనే సర్కారు వైద్య కళాశాల ఉంది, జిల్లా ఆసుపత్రి ఉంది, రైల్వేకి సొంత ఆసుపత్రి ఉంది. ఊరి నడిబొడ్డున తెలిపారా ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. ఇక్కడ 'ఆసుపత్రి దూరం' అనే సాకు చెల్లదు. అయినా చీటీ ఆసుపత్రి దాకా ఎందుకు చేరదు?

ఎందుకంటే మధ్యలో కూలి ఉంది. రైల్వేలో పర్మనెంట్ ఉద్యోగి బిడ్డకు రైల్వే మెడికల్ కార్డు ఉంటుంది. అదే స్టేషన్‌లో కాంట్రాక్టరు కింద ప్లాట్‌ఫారం ఊడ్చే తల్లి బిడ్డకు ఆ కార్డు లేదు. చట్టం ప్రకారం ఈఎస్ఐ ఉండాలి. ఆ హక్కును కాంట్రాక్టరు నుంచి రాబట్టుకునే శక్తి రోజు కూలి మీద బతికే ఆడమనిషికి ఎక్కడిది? ఒకప్పుడు ఇదే ఊడ్చే పనితో పాటు కార్డు, క్వార్టరు, పింఛను వచ్చేవి. పనిని కాంట్రాక్టుకిచ్చేశాక చీపురు మాత్రం అదే కులాల చేతుల్లో ఉండిపోయింది, కార్డు పోయింది. ఆ తల్లి చీటీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. ఓపీ దగ్గర ఒక రోజు, పరీక్షలకు ఇంకో రోజు, రిపోర్టుకు మరో రోజు. మూడు రోజుల కూలి పోతే ఆ వారం ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె వెళ్లకపోతే 'తల్లిదండ్రులకు అవగాహన లేదు' అని రాసేస్తారు. ఆమెకున్న లెక్క తెలిసిన అవగాహన ఆ రాసినవాడికి లేదు.

తెలిపారా పేరులోనే ఒక కులం ఉంది. తేలీ అంటే గానుగాడేవాళ్లు, మన గాండ్ల, తెలికుల లాంటివాళ్లు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లే సాహూలు. ఈ ప్రస్తావన ఎందుకంటే, ఈ రాష్ట్రంలో సికిల్ సెల్ జబ్బు ఆదివాసీలకే పరిమితం కాదు. సాహూ, కుర్మీ లాంటి బీసీ కులాల్లో, ఎస్సీల్లో కూడా ఉంది. 2023 జూలై 1న ప్రధాని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. 2047 నాటికి నిర్మూలించాలన్నది లక్ష్యం. 40 ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామన్నారు. పరీక్షలు మంచిదే. చేసింది ప్రధానంగా ఆదివాసీ ప్రాంతాల కోసం. మరి పట్నంలో, బస్తీ బడిలో కూర్చున్న సాహూ పిల్ల, సత్నామీ పిల్లవాడు ఎవరి ఖాతాలోకి వస్తారు?

పరీక్షలో 'పాజిటివ్' అని తేలిన బిడ్డ మర్నాడు మళ్లీ అదే తరగతి గదిలో కూర్చుంటుంది. జబ్బు చీటీ మీద ఉండదు, ఒంట్లో ఉంటుంది. ఆ బిడ్డ రోజంతా నీళ్లు తాగుతూ ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తకణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుని ఎముకలు పిండేసినట్టు నొప్పి వస్తుంది. నీళ్లు తాగితే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి. మరుగుదొడ్డికి తాళం వేసి ఉన్న బడిలో ఆడపిల్ల ఏం చేస్తుంది? నీళ్లు మానేస్తుంది. నొప్పి వస్తుంది. బడి మానేస్తుంది. ఎండలో డ్రిల్లు చేయలేకపోతే 'బద్ధకం' అంటారు. హైడ్రాక్సీయూరియా రోజూ వేసుకోవాలి, మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ మాత్ర అందిందా లేదా అని బడిలో అడిగే మనిషి ఒక్కరూ ఉండరు.

బడిలో నీళ్లు అనగానే మనకు గుర్తుకురావలసింది చిన్నప్పటి భీమ్. కుండను తాకకూడదు. ప్యూను వచ్చి పై నుంచి పోస్తేనే తాగాలి. ప్యూను రాకపోతే ఆ పూట దాహంతోనే ఉండాలి. నీళ్లు లేక కాదు, అందించే చెయ్యి లేక. నూరేళ్లు దాటాయి. బడిలో నీళ్లున్నాయి, మాత్రలున్నాయి, మిషన్లున్నాయి. అందించే చెయ్యి మాత్రం ఇంకా పోస్టు మంజూరు కాని చెయ్యే.

ఇక రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉన్నవాళ్లు దేశంలో 59.1 శాతం. ఛత్తీస్‌గఢ్‌లో 61.4, ఆంధ్రప్రదేశ్‌లో 60.1, తెలంగాణలో 64.7. బడుల్లో వారం వారం ఐరన్ మాత్ర ఇచ్చే కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. ఇన్నేళ్ల మాత్రల తర్వాత ఈ అంకెలేమిటని అడిగితే పిల్లలు మాత్రలు పారేస్తున్నారంటారు. ఖాళీ కడుపున మింగిన మాత్ర కడుపులో తిప్పుతుంది. ఆ సంగతి విని ధైర్యం చెప్పేవాళ్లు ఎవరున్నారు? పైగా రక్తహీనతంతా ఇనుము లోపం కాదు. సికిల్ సెల్ వల్ల వచ్చే రక్తహీనతకు ఐరన్ మాత్ర మందు కాదు. ఏ బిడ్డకు ఏది అని చూడాలంటే మనిషి కావాలి.

మాత్రతో పాటు తిండి మాట కూడా అనుకోవాలి. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతామంటే మతం పేరుతో అడ్డుపడ్డారు. రక్తం లేని పిల్లల పళ్లెంలోంచి గుడ్డు తీయించినవాళ్లే మర్నాడు పోషణ గురించి ఉపన్యాసాలిస్తారు. ఎవరి ఆచారం కోసం ఎవరి రక్తం పలచబడాలి?

ఇప్పుడు సర్కారు దగ్గరున్న సమాధానం 'అవగాహన'. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడి ఆరోగ్య కార్యక్రమం తెచ్చి, బడికి ఇద్దరు టీచర్లకు 'ఆరోగ్య రాయబారులు' అని పేరు పెట్టారు. వారానికోసారి ఆరోగ్య పాఠం చెప్పాలి. చేతులు కడుక్కోండి, మంచి తిండి తినండి, ఒత్తిడి తగ్గించుకోండి. టీచర్లు చెడ్డవాళ్లని కాదు. ఓటర్ల జాబితా నుంచి జనగణన దాకా మోస్తున్న మనిషి నెత్తి మీద దీన్ని కూడా పెట్టారు. అంతకన్నా పెద్ద తప్పు దీని వెనకున్న నమ్మకం. మన పిల్లలకు తెలియక జబ్బు చేస్తోందని.

తెలియకనా? 2025 జూలై చివర ఇదే రాష్ట్రంలో బలౌదాబజార్ జిల్లా లచ్చన్‌పూర్ బడిలో మధ్యాహ్న భోజనం కూరను కుక్క ముట్టింది. పిల్లలు చూశారు. టీచర్లకు చెప్పారు. వద్దని చెప్పినా వండినవాళ్లు అదే వడ్డించారు. తల్లిదండ్రులు బడి మీదికి వెళ్లి పట్టుబట్టాక 78 మందికి రేబిస్ టీకా వేశారు. చివరికి బిలాస్‌పూర్‌లోని హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని 84 మంది పిల్లలకు తలా 25 వేల రూపాయలు ఇవ్వమంది. ఇందులో అవగాహన లేనిది ఎవరికి? పిల్లలకు పరిశుభ్రత తెలుసు. తల్లిదండ్రులకు ప్రమాదం తెలుసు. లేనిదల్లా వాళ్ల మాటకు విలువ. ఆ క్షణంలో 'ఆగండి' అని చెప్పే అధికారం, అప్పటికప్పుడు టీకాకు పంపే బాధ్యత ఉన్న ఆరోగ్య ఉద్యోగి ఆ బడిలో ఉంటే కథ హైకోర్టు దాకా వెళ్లేదా?

మన తెలుగు రాష్ట్రాలేమీ మెరుగు కాదు. 2024 అక్టోబరు చివర కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ బడిలో తిండి తిన్న పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఒక అమ్మాయి దాదాపు నెల రోజులు కొట్టుమిట్టాడి నవంబరు 25న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయింది. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు పాకాయి. ఇద్దరు ఆడపిల్లలు పోయారు, వందమందికి పైగా చికిత్స పొందారు. కామెర్లు ఒక్క రాత్రిలో వందమందికి రావు. మొదట ఒక బిడ్డకు అన్నం సయించదు. తర్వాత ఇంకో బిడ్డకు వాంతులు. కళ్లు పచ్చబడతాయి. రోజూ పిల్లల మొహం చూసే నర్సు ఉంటే మూడో బిడ్డ దగ్గరే నీళ్ల ట్యాంకు మీద అనుమానం వస్తుంది. ఆశ్రమ పాఠశాలల్లో ఏఎన్ఎంలను పెట్టండని ఆదివాసీ విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇందుకే. కలుషితమైన నీళ్లతో చేతులు ఎంత బాగా కడుక్కుంటే ఏం లాభం?

పథకాలకు కరువు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010 బాలల దినోత్సవం నాడు జవహర్ బాల ఆరోగ్య రక్ష వచ్చింది. తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో కంటి వెలుగు వచ్చింది. పేర్లు మారాయి, ఫొటోలు మారాయి. మారనిది ఒక్కటే: క్యాంపు. వస్తారు, లెక్క రాస్తారు, వెళ్తారు. క్యాంపు బుద్ధి ఎక్కడిదాకా వెళ్తుందో బిలాస్‌పూర్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2014 నవంబరు 8న ఈ ఊరి పక్కన పెండారీలో మూతబడ్డ ఒక ఆసుపత్రిలో కొన్ని గంటల్లో 83 మంది పేద ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసేశారు. పదిమందికి పైగా చనిపోయారు. ఆ సర్జన్‌కు అంతకుముందు అదే ఏడాది, చేసిన ఆపరేషన్ల సంఖ్య చూసి సన్మానం చేశారు. సంఖ్యను మొక్కే వ్యవస్థకు మనిషి కనిపించడు.

చూసి పంపేయడం వైద్యం కాదని ప్రపంచానికి తెలిసి నూట ఇరవై ఏళ్లు దాటింది. న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు వచ్చి పిల్లలను పరీక్షించి, గజ్జి, పేలు, కంటి జబ్బు ఉన్నవాళ్లను చీటీ ఇచ్చి ఇంటికి తరిమేవారు. వాళ్లు వలస కూలీల పిల్లలు. ఇంట్లో చీటీ చదివేవాళ్లు లేరు, మందు కొనే డబ్బు లేదు. పిల్లలు చీటీ జేబులో పెట్టుకుని వీధుల్లో తిరిగేవారు. 1902 అక్టోబరులో లినా రోజర్స్ అనే నర్సును నాలుగు బడుల్లో నెల రోజుల ప్రయోగంగా పెట్టారు. ఆమె బడిలోనే పుండు కడిగి మందు రాసింది, సాయంత్రం ఇంటికి వెళ్లి తల్లికి చూపించింది. ప్రయోగం పనిచేసింది, మరింతమంది నర్సులను పెట్టారు. 1902 సెప్టెంబరులో జబ్బు పేరుతో తిప్పి పంపిన పిల్లలు 10,567 మంది. ఏడాది తర్వాత అదే నెలలో 1,101 మంది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. చీటీకి బదులు మనిషిని పంపారు, అంతే.

అయితే మన దేశంలో మనిషిని పంపితే సరిపోదు. ఆ మనిషి తాకాలి. జేఎన్‌యూ ఆచార్యులు సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పిల్లలతో మాట్లాడి 2010లో ఒక అధ్యయనం వెలువరించారు. ఆరోగ్య సిబ్బంది తమను తాకకుండా చూడడం, మందును చేతికి తగలకుండా ఇవ్వడం, తమతో తక్కువసేపు మాట్లాడడం గురించి ఆ పిల్లలు చెప్పారు. అంటే కాఠియావాడ్ థర్మామీటరు ఇంకా చేతులు మారుతూనే ఉంది. అందుకే బడి ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు కులం మాట ఎత్తకండి అనేవాళ్లకు ఒకటే జవాబు: సర్కారు బడిలో మిగిలిందెవరో చూడండి. డబ్బున్నవాళ్ల పిల్లలు ప్రైవేటు బడికి, ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లిపోయారు. సర్కారు బడి ఆరోగ్యం అంటే దాదాపుగా ఎస్సీ, ఎస్టీ, బీసీ, ముస్లిం పిల్లల ఆరోగ్యం. దానికి ఏడాదికి ఒక్క రోజు చాలని నిర్ణయించింది వైద్యశాస్త్రం కాదు.

డబ్బు లేదంటారు. ఉన్న సిబ్బందినే సర్కారు ఎలా చూస్తోందో చూడండి. 2025 ఆగస్టులో ఛత్తీస్‌గఢ్‌లో జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు ఉద్యోగులు 16 వేల మందికి పైగా తమను పర్మనెంట్ చేయమని సమ్మెకు దిగారు. చిరాయు బృందాల వాళ్లు కూడా ఈ మిషన్ ఉద్యోగులే. తన ఉద్యోగమే వచ్చే మార్చి దాకా ఉంటుందో లేదో తెలియని మనిషి, ఒక బిడ్డను ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎలా కనిపెట్టుకుని ఉంటుంది? రాజ్యాంగం 47వ అధికరణం పోషణను, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటి అంది. 46వ అధికరణం ఎస్సీ, ఎస్టీల, బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడమంది. జబ్బుతో బడి మానేసిన బిడ్డ విషయంలో ఈ రెండూ ఒకేసారి ఓడిపోతున్నాయి.

కాబట్టి మనం అడగవలసింది ఇంకో పథకం కాదు, ఇంకో దినోత్సవం అంతకన్నా కాదు. ప్రతి సర్కారు ఉన్నత పాఠశాలకు, ప్రతి ఆశ్రమ పాఠశాలకు, గురుకులానికి ఒక పర్మనెంట్ నర్సు కావాలి. చిన్న ప్రాథమిక బడులు నాలుగైదింటికి కలిపి ఒకరైనా ఉండాలి. ఆ నియామకాల్లో రిజర్వేషన్ రోస్టర్ తప్పకుండా అమలు కావాలి. మన వాడల నుంచి నర్సింగ్ చదివి ఖాళీగా కూర్చున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల చెయ్యి మన పిల్లల నుదుటి మీద వెనకాడదు.

రెండోది, చీటీ బాధ్యత తల్లిది కాకూడదు. బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లి, చూపించి, మందు మొదలయ్యేదాకా వెంట ఉండడం సర్కారు పని. తల్లి రావలసి వస్తే ఆ రోజు కూలి సర్కారే కట్టాలి. ఎంతమందిని 'రిఫర్' చేశారో కాదు, ఎంతమందికి చికిత్స పూర్తయిందో బడి గోడ మీద రాయాలి, పిల్లల పేర్లు లేకుండా. మూడోది, సికిల్ సెల్ ఉన్న బిడ్డకు నీళ్లు, మరుగుదొడ్డి, డ్రిల్లు మినహాయింపు, మందు ఇవన్నీ దయగా కాదు, లిఖితపూర్వక హక్కుగా దక్కాలి. నాలుగోది, తిండి, నీళ్లు బాగాలేవని పిల్లలు చెబితే వడ్డన ఆపే అధికారం ఆ నర్సుకు ఉండాలి.

ఈలోగా మనం చేయగలిగిన పని ఒకటుంది. తెలిపారాలోనైనా, తెనాలిలోనైనా, మీ బస్తీ బడికి వెళ్లి అడగండి. ఆరోగ్య బృందం ఈ ఏడాది ఏ తేదీన వచ్చింది? ఎంతమంది పిల్లలకు చీటీలు రాసింది? వాళ్లలో ఎంతమందికి వైద్యం అందింది? చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. బడి యాజమాన్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెప్పింది. ఆ కుర్చీల్లో కూర్చుని ఈ మూడు ప్రశ్నలు ప్రతి సమావేశంలోనూ అడగండి. మొదటి రెండింటికి జవాబు దొరుకుతుంది. మూడోదానికి రిజిస్టర్‌లో గడి కూడా ఉండకపోవచ్చు. పోరాటం ఆ గడి దగ్గరే మొదలుపెట్టాలి.

జై భీమ్.